యాప్ అడగని ప్రశ్నలు – హైదరాబాద్‌ల రూము వెతుకుతున్నోళ్లకు

పోస్టు జర పొడుగున్నది, ఓపికగా చదవండి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండి, ఈ ఎండాకాలం హాస్టల్ ఖాళీ చేసి హైదరాబాద్ పోదామనుకునేటోళ్లకు ఎక్కువ పనికొస్తది.

మేము నలుగురం ఆడపిల్లలం. మోతె మండలంలో వేరే వేరే తండాలోళ్లం, సూర్యాపేటలో ఒకే హాస్టల్లో మూడేండ్ల సంది ఉంటున్నం. పరీక్షలు అయిపోతే సీటు పోతది. ఇద్దరం పీజీ ఎంట్రన్స్ కోచింగ్‌కు, ఒకామె గ్రూప్స్‌కు, ఇంకొకామె ట్యాలీ నేర్చుకుని ఉద్యోగం చూసుకోవడానికి పట్నం పోవాలె. మా ఇండ్లల్ల పట్నం చూసినోళ్లు లేక కాదు. అడ్డా మీద కూలికి పోయినోళ్లున్నరు, కట్టే బిల్డింగుల కాడ వాచ్‌మన్‌గా రేకుల షెడ్లో ఉన్నోళ్లున్నరు. అద్దెకు ఇల్లు తీసుకుని చదువుకున్నోళ్లే లేరు. అందుకని అడ్వాన్స్ ఎంత, అగ్రిమెంట్ ఎట్లుంటది అని ఇంట్ల అడిగితే చెప్పేటోళ్లు లేరు. పైగా మాలో ఒకామెకు వాళ్ల యాడి గట్టిగ చెప్పింది: "జూన్ లోపల మంచి రూము, మంచి తోడు దొరికితే పో. లేకుంటే సంబంధం చూస్తం." ఆమె కోసమే మేము ఫిబ్రవరి నుంచే ఫోన్లు పట్టుకుని కూసున్నం.

ఫస్టు యాప్‌ల గురించి. వీటిల రెండు రకాలు కనపడ్డయ్. నోబ్రోకర్ లాంటివి (బెంగళూరు కంపెనీ, 2014లో మొదలైంది) ఇంటి ఓనరును, కిరాయికి వచ్చేటోళ్లను నేరుగా కలుపుతయ్. అందులోనే ఫ్లాట్‌మేట్స్ అని ఇంకో భాగం ఉంటది. ఇప్పటికే ఫ్లాటు తీసుకున్నోళ్లు ఒక బెడ్డు ఖాళీ అయితే అక్కడ పెడతరు. కొన్ని నంబర్లు ఉచితంగా ఇస్తరు, తర్వాత ప్లాన్ కొనుక్కోమంటరు. రెండో రకం రూమ్మేట్ల కోసమే చేసిన యాప్‌లు, ఫేస్‌బుక్‌ల ఫ్లాట్‌మేట్స్ గ్రూపులు. ఒక యాప్‌ల మన గురించి మనం గుర్తులు నొక్కాలె: పొద్దున్నే లేస్తరా, రాత్రి మేల్కొంటరా, పార్టీలు ఇష్టమా, సిగరెట్ తాగరా, పాటలు వింటరా, పెట్ లవరా. మాలో ఒకామె ఇంట్ల పన్నెండు మేకలున్నయ్. పెట్ లవర్ కింద నొక్కాల్నా వద్దా అని అరగంట నవ్వుకున్నం.

మంచిగున్నది కూడా చెప్పాలె. యాప్ లేకుంటే ఏ ఏరియాల ఎంత కిరాయి నడుస్తుందో మాకు తెలిసేదే కాదు. బ్రోకర్ దగ్గరికి పోతే ఒక నెల కిరాయి వాడికే పోతది. మ్యాపు ముందు పెట్టుకుని మేము లెక్క వేసుకున్నం: మన దిక్కు బస్సులు ముందు ఎల్బీనగర్, తర్వాత దిల్‌సుఖ్‌నగర్ తాకుతయ్. మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో ఉన్నది. గ్రూప్స్ చదివే ఆమెకు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ కోచింగులు కావాలె. ఎంజీబీఎస్‌ల మెట్రో మారితే చిక్కడపల్లిల దిగొచ్చు. అట్ల చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ వరకే చూడాలె అని తేల్చుకున్నం. ఇంత పని హాస్టల్ మెట్ల మీద కూసుని చేసినం.

తర్వాత మొదలైంది అసలు సంగతి.

ఇద్దరు ఉద్యోగం చేసే అమ్మాయిలు, వాళ్ల ఫ్లాట్‌ల రెండు బెడ్లు ఖాళీ. చాట్‌ల అన్నీ కలిసినయ్. వంట వంతులవారీ, సరే. రాత్రి తొమ్మిది లోపల ఇంటికి, సరే. "ఫుల్ నేమ్ చెప్పండి" అన్నరు. పేరు పక్కన ఇంటిపేరు రాసి పంపినం. బానోతు, గుగులోతు, ధరావత్ అని చూడంగనే మనం ఎవరిమో ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు గదా. "చెప్తం" అన్నరు. చెప్పలే. ఆ బెడ్డు ఇంకో పది రోజులు యాప్‌ల ఖాళీగనే కనపడ్డది. ఇంకొక దగ్గర ఓనరమ్మ అంత తిప్పలు పెట్టలే, ఫోన్‌ల సూటిగనే అడిగింది, "మీరేమోళ్లు?" అని. చెప్పినం. "మా ఇంట్ల పూజలెక్కువ బిడ్డా" అన్నది.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. సుఖదేవ్ థోరట్, ఆయనతో పనిచేసినోళ్లు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో కిరాయి ఇండ్ల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. కులం, మతం చూసి ఇల్లు లేదనడం, కిరాయి పెంచడం, షరతులు పెట్టడం దళితులకు, ముస్లింలకు ఎట్ల జరుగుతుందో అందులో చూపించిన్రు. ఇప్పుడు యాప్‌ల 'ఓన్లీ వెజ్' అని ఒక గుర్తు ఉంటే కులం అడగాల్సిన పని కూడా లేదు. అట్లని వెజ్ అన్న ప్రతివాళ్లనూ మేము అనుమానించం. ఎండు చేపల వాసన పడనోళ్లు ముందే చెప్తేనే మంచిది, మాకూ రోజూ మొహం మాడ్చుకునే తోడు వద్దు.

మన సీనియర్ అక్క ఒకామె యాప్‌ల ఇంటిపేరు తీసేసి ఒక్క అక్షరం పెట్టుకున్నది. అట్లనే రూము దొరికింది. ఆమెను తప్పు పట్టం. కానీ దీని మీద మేము రెండు రాత్రులు వాదించుకున్నం. అగ్రిమెంట్‌కు ఆధార్ ఇయ్యాలె, అక్కడ పూర్తి పేరు వస్తది. యాడి ఫోన్ చేస్తే గోర్‌బోలిలనే మాట్లాడతం, మా యాడీల గొంతు పక్కింటికి గూడ వినపడతది. పదకొండు నెలలు మెల్లగ మాట్లాడుకుంటూ బతుకుడు మాతోని కాదు. అందుకని మా ప్రొఫైల్‌ల మొదటి లైన్‌లనే ఇంటిపేర్లు, 'లంబాడా స్టూడెంట్స్, నాన్‌వెజ్ వండుకుంటం' అని పెట్టినం. జవాబులు సగానికి పడిపోయినయ్. కానీ వచ్చినోళ్లతోని మాట ముందుకు పోయింది.

ఇక తోడు సంగతి. యాప్ అడిగే నిద్ర, పాటలు, లైట్లు మాకు పెద్ద లెక్క కాదు. పద్నాలుగు మంది ఒక్క గదిలో పెట్టెలు పెట్టుకుని ఉన్నం, లైటు వేసి ఉంటే ముసుగు తన్ని పండుకునుడు వచ్చు. హాస్టల్ల కొట్లాటలు దేనికొచ్చినయో గుర్తు తెచ్చుకున్నం: బకెట్, హాట్‌స్పాట్, తీసుకుని ఇయ్యని యాభై రూపాయలు, ఒకళ్ల సుట్టాలు వస్తే ఇంకొకళ్ల మంచం పోవుడు. వాటి నుంచే ప్రశ్నలు రాసినం. నలుగురం నాలుగు కాగితాల మీద విడివిడిగ జవాబులు రాసి మార్చుకున్నం.

నీ చేతికి పైసలు ఏ తారీఖున వస్తయ్, ఎవరు పంపుతరు? స్కాలర్‌షిప్ ఆలస్యమైతే కిరాయి ఎట్ల కడతవు? సంపాదిస్తే ఇంటికి ఎంత పంపాలె? మీ ఇంటి నుంచి ఎవరు, ఎన్నిసార్లు వస్తరు? తీజ్‌కు ఎన్ని రోజులు ఊరికి పోతవు, అప్పుడు కూడా నీ వాటా ఇస్తవా? మధ్యల పెండ్లి కుదిరితే ఎన్ని నెలలు ముందు చెప్తవు?

మూడేండ్లు ఒక కంచంల తిన్నోళ్లం, మాకు అన్నీ తెలుసనుకున్నం. ఒకామె ఇంట్ల పత్తి అమ్మితేనే పైసలని తెలుసు, కానీ జూన్ నుంచి దసరా దాకా ఆమె చేతుల ఒక్క రూపాయి ఉండదని కాగితం మీద చూసేదాకా మేము లెక్క కట్టలే. దీనికి దారి దొరికింది: ఆ నెలల్లో ఆమె వాటా మేము ముగ్గురం పెడతం, పత్తి పైసలు వచ్చినంక ఆమె తిరిగి కడతది, అంతా నోటుబుక్కుల రాసుకుంటం.

సుట్టాల ప్రశ్న దగ్గరనే నిజంగ ఆగిపోయినం. ఒకామె బాపు నెలనెలా పట్నం ఆస్పత్రికి రావాలె. తెల్లారి ఓపీ చీటీ కోసం ముందు రోజు రాత్రే రావాలె. ఆడపిల్లల రూముల్లో మగవాళ్లు రాత్రి ఉండొద్దని ఓనర్లు చెప్తరు, మాలో ఇంకొకామెకు కూడా అది ఇష్టం లేదు. "మా బాపును బస్టాండుల పండుకోమంటవా?" అని ఆమె ఏడ్చింది. "నేను ఎవరి బాపు ముందటైనా దుప్పటి కప్పుకుని పండుకోలేను" అని ఈమె. ఇద్దరి మాటా న్యాయమే. రెండు రోజులు మాట్లాడుకోలే. చివరికి నలుగురం నెలకు వంద రూపాయల చొప్పున ఒక డబ్బాల వేద్దామనుకున్నం. ఎవరింటి మగవాళ్లు ఆస్పత్రికొచ్చినా ఆ రాత్రి డార్మిటరీకి ఆ పైసలు, తిండి మాత్రం మా రూముల. ఆ నాలుగు వందలు సరిపోతయో లేదో పోయినంక చూడాలె. ఈ గొడవ రూముల దిగినంక వచ్చుంటే సగం మందిమి సామాన్లు సర్దుకునేటోళ్లం.

మోసాల గురించి ఒక మాట. ఆర్మీల పనిచేస్తున్న అని, డ్యూటీ మీద దూరం ఉన్న అని, ఇల్లు చూడకముందే టోకెన్ కొట్టమని, లేకుంటే క్యూఆర్ స్కాన్ చేస్తే మీకే పైసలొస్తయని చెప్పేటోళ్లుంటరు. పిన్ కొడితే మన ఖాతాల నుంచి పోవుడే తప్ప వచ్చుడు ఉండదు. ఇల్లు కండ్లతోని చూడంది, ఓనరును కలవంది ఒక్క రూపాయి వేయొద్దు. పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలె. అగ్రిమెంట్ ఎక్కువగా 11 నెలలకే రాస్తరు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అందుల అందరి పేర్లు ఉండాలె, ఒక్కరి పేరు మీదుంటే ఆమె పోయిన రోజు మిగిలినోళ్లు బయటికే. అడ్వాన్స్ ఎవరెంత ఇచ్చిన్రో కూడా రాయించుకోండి.

ఇప్పుడు మా చేతుల రెండు ఇండ్లున్నయ్, రెండిటి ఓనర్లకూ ఇంటిపేర్లు తెలుసు. ఒకటి 14 వేలు, ఐదుగురం ఉండొచ్చన్నరు. అంటే ఇంకొకామెకు చోటున్నది. లంబాడానే కావాలని లేదు. ఎరుకల, కోయ, ఎవరైనా సరే, పై ప్రశ్నలకు జవాబులు రాసి పంపండి, మావి కూడా పంపుతం. వచ్చే ఆదివారం ఆ ఇండ్లు చూడనీకి పోతున్నం. ఆడపిల్లలమే పోతే ఓనర్లు "పెద్దోళ్లను తోల్కరాండి" అంటున్నరు, మా ఇండ్లల్ల నుంచి రావాలంటే ఒక రోజు కూలి పోతది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దిక్కు ఉండే అక్కలు ఎవరన్న గంటసేపు మా ఎంబడి రాగలిగితే కింద చెప్పండి. పొద్దున పది గంటలకల్లా చైతన్యపురి మెట్రో కింద ఉంటం.