గ్రుడ్డులో తల్లి

గుంటూరు–గుంతకల్లు రైలుమార్గముపై నున్న దొనకొండ మెట్టపంటల సీమ. అచట వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఇట్టి పల్లెలలో పెరటికోడి బీదయింటికి చిన్న ఆధారము. పొదుగునకు వచ్చిన పెట్టను ఇల్లాలు గంపలో గ్రుడ్లపై కూర్చుండబెట్టును. 21 దినములకు పిల్లలు వెలువడును. వానిలో పుంజులెన్ని, పెట్టలెన్ని యని ఆమె ఆతురతతో చూచును. పెట్ట గ్రుడ్లు పెట్టును. పుంజు సంతలో ధర పలుకును.

గ్రుడ్డు ఆకారమును బట్టి ఈ సంగతి తెలియునని పూర్వులు తలచిరి. పొడవై మొనదేలిన గ్రుడ్డునుండి పెట్టయు, గుండ్రని గ్రుడ్డునుండి పుంజును పుట్టునని గ్రీకు పండితుడగు అరిస్టాటిల్ 2,300 సంవత్సరములకు పూర్వమే వ్రాసెను. అది నిజము కాదు.

మానవులలో తల్లి అండములన్నిటను ఎక్స్ అను క్రోమోసోమే యుండును. తండ్రి బీజము ఎక్స్‌ను తెచ్చిన ఆడుబిడ్డ, వైని తెచ్చిన మగబిడ్డ కలుగును. పక్షులలో ఈ క్రమము తలక్రిందు. పుంజు బీజములన్నియు జెడ్‌నే తెచ్చును. పెట్ట అండములలో కొన్నిట జెడ్, కొన్నిట డబ్ల్యు ఉండును. జెడ్ గల అండము పుంజగును, డబ్ల్యు గలది పెట్టయగును. కనుక పక్షిజాతిలో సంతానము ఆడుదో మగదో తేల్చునది తల్లియే.

సాధారణముగా ఆడు, మగ పిల్లలు సమముగా పుట్టుదురు. కాని హిందూమహాసముద్రములోని సీషెల్స్ ద్వీపములందు ఒక చిన్నపక్షి కలదు. దాని కుమార్తెలు ఇంటనే నిలిచి చెల్లెండ్రను, తమ్ములను పెంచుటలో తల్లికి తోడ్పడును. కుమారులు దూరము పోవుదురు. పురుగులు సమృద్ధిగా నున్నచోట తల్లులు ఎక్కువగా కుమార్తెలను, కఱవుచోట కుమారులను కనుచున్నవని యాన్ కోమ్డ్యూర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1997లో ప్రకటించిరి. ఇది తల్లి ఆలోచించి చేయు పని యనరాదు. ఆమె శరీరము పరిసరములకు లోబడి నడచుచున్నది.

పిల్ల బలమును గూడ తల్లి కొంత నిర్ణయించును. కెనరీ పక్షి చివర పెట్టిన గ్రుడ్ల పసుపుసొనలో ఎదుగుదలకు తోడ్పడు హార్మోను హెచ్చుగా నుండునని 1993లో తెలిసెను. ఆలస్యముగా పుట్టిన పిల్ల అన్నలతో పోటీపడి మేత నందుకొనుటకు అది సాయపడును. ఆస్ట్రేలియా జీబ్రాఫించి పక్షులు, ఎండ 26 డిగ్రీలు మించినప్పుడు, పొదుగు చివరిదినములలో గ్రుడ్లను ఉద్దేశించి ఒక విధముగా కూయును. ఆ కూత విన్న పిల్లలు వేడి గూళ్లలో చిన్నవిగా పెరుగునని 2016లో కనుగొనిరి. దొనకొండ ఎండ నెఱిగినవారికి ఈ జాగ్రత్త విలువ చెప్పనక్కఱలేదు.

మన పెరటికోడియు ఇట్టి తల్లియే. ఆమె తిన్న మేతలోని విటమినులు పసుపుసొనలో చేరి పిల్లకు మొదటి ఆహారమగును. మంచి పిల్లలు కావలెననిన పొదుగునకు ముందే తల్లికి మంచి మేతయు, నీరును, నీడయు నొసగవలెను.

ఇందు మనుష్యులు నేర్వదగిన దొకటి కలదు. ఆడుబిడ్డలను కన్నదని కోడలిని నిందించు ఇండ్లు నేటికిని కలవు. బిడ్డ ఆడో మగో తేల్చునది తల్లి కాదు, తండ్రి బీజమే. అది అతని యిచ్ఛకును లోబడదు. కావున ఈ విషయమున ఎవ్వరిని నిందించుటయు తగదు. పుట్టిన బిడ్డ కొమార్తె యైనను, కుమారు డైనను, ఆ బిడ్డను మోయు తల్లికి కడుపునిండ అన్నము పెట్టుటయే పెద్దల ధర్మము.