ఆకు రాలితే... రొయ్యకు విందు!

కాకినాడ నుంచి యానాం రోడ్డులో వెళ్తుంటే చొల్లంగి దాటాక ఓ వింత అడవి కనిపిస్తుంది. తల ఎండలో, కాళ్లు బురదలో! అదే కోరింగ మడ అడవి. గోదావరి సముద్రంలో కలిసేచోట సుమారు 236 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

చెక్క వంతెన మీద నడుస్తూ కిందికి చూస్తే నేలలో పెన్సిళ్లు గుచ్చినట్టు మడచెట్ల శ్వాసవేళ్లు, వాటి మధ్య పీతల బొరియలు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ముక్కు మూసుకోకండి. అది ఈ అడవి వంటింటి వాసన! గాలి ఆడని బురదలో బ్యాక్టీరియా ఆకూఅలమూ కుళ్లబెడుతుంటే వచ్చేదది.

ఇక్కడ రాలిన ఆకు వృథా కాదు. పీతలు దాన్ని ముక్కలు చేస్తాయి. మిగతా పని బూజు, బ్యాక్టీరియాలది. ఆ మెత్తటి తుక్కే రొయ్యపిల్లలకూ చేపపిల్లలకూ తిండి. పోటు నీరు సముద్రం నుంచి లోపలికొస్తుంది, ఆటుకు కొంత తుక్కును కాలువల్లోకి మోసుకెళ్తుంది. డెల్టా పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువుల్లోని భాస్వరం కొంత బురదకు అంటుకుంటుంది. నత్రజనిలో కొంత చెట్లకు పోతుంది, కొంత బ్యాక్టీరియా చేతిలో వాయువుగా మారి గాలిలో కలుస్తుంది.

ఈ చక్రం ఒకప్పుడు చాలాచోట్ల ఆగిపోయింది. కలప కోసం చెట్లు నరికిన చోట నేల కుంగి పళ్లెంలా తయారైంది. పోటుకు వచ్చిన నీరు తిరిగి పోలేదు. ఎండకు ఆవిరై ఉప్పు మిగిలింది. మడ విత్తనం పడినా బతకలేదు. ఆకు లేదు, పీత లేదు, రొయ్యకు తిండీ లేదు.

మరి మందేమిటి? నీటికి దారి! తమిళనాడులోని పిచ్చావరంలో ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ ఈ కిటుకును పట్టుకుంది. 1990ల చివర్లో గోదావరి తీరానికీ తెచ్చింది. అటవీశాఖ, ఊళ్లవాళ్లు చేయి కలిపారు. నడుమ ఓ పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు... పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లే! ఆటుపోట్లు మళ్లీ ఆడటంతో ఉప్పు కడుక్కుపోయింది. గట్ల వెంట నాటిన మడ మొక్కలు నిలదొక్కుకున్నాయి.

అయితే మొక్క పచ్చబడగానే నేల కోలుకున్నట్టు కాదు. ఆకులు ఏళ్ల తరబడి రాలి, కుళ్లి, బురదలో పేరుకోవాలి. ఈలోగా కాలువల్లో ఒండ్రు పూడుతూనే ఉంటుంది. తీయకపోతే మళ్లీ నీరు నిలుస్తుంది, మళ్లీ ఉప్పు తేలుతుంది. వేటకెళ్లే మత్స్యకారుడి వలలో రేపు ఎన్ని రొయ్యలు పడతాయన్నది ఆ కాలువల పూడికతీత మీదా ఆధారపడి ఉంది. అందుకే మడ అడవిని కాపాడటమంటే చెట్టుకు కాపలా ఒక్కటే కాదు... నీటి రాకపోకలకు అడ్డు లేకుండా చూడటం!