కాల్ చేస్తూ కూచున్న ఏళ్ళు

ఆదివారం మధ్యాహ్నాలు మా తెనాలి ఇంటి వరండాలో నాన్నగారి పేకాట సాగేది. పదమూడు ముక్కల రమ్మీ. నేను కాఫీలు అందించే మనిషిని. గ్లాసు ఇచ్చే నెపంతో అందరి ముక్కలూ చూసేదాన్ని కాబట్టి ఎవరు ఆడాలో ఎవరు డ్రాప్ చెయ్యాలో వాళ్ళకంటే ముందు నాకే తెలిసేది. మొదట్లోనే తప్పుకుంటే ఇరవై, మధ్యలో అయితే నలభై, చివరిదాకా ఉండి ఓడితే ఎనభై. "దీని బుర్ర పాదరసం" అని నాన్నగారు స్నేహితులతో గొప్పగా చెప్పేవారు. అయినా నాకు ముక్కలు పంచిన రోజు ఒక్కటీ లేదు. జూదం దగ్గర మన ఆడవాళ్ళకి దక్కిన చోటు పణంగా ఉండటమే కదా. మా చిన్నమ్మ నానుతాడు అలాగే పోయింది. అందుకే ఇది పేకాటని మెచ్చుకునే వ్యాసం కాదని ముందే చెప్పేస్తున్నాను.

నేను ఆటలో కూచున్నది యాభై అయిదు దాటాక. 2018లో అమ్మాయి పురిటికి శాన్ హోసే వెళ్ళాను. పక్క అపార్ట్‌మెంటులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక రిటైర్డ్ నర్సు ఉండేది. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పానని తెలిసి, వారానికో పొద్దుట నన్ను కారెక్కించుకుని కార్డ్ రూముకి తీసుకెళ్ళేది. కాలిఫోర్నియాలో అవి చట్టబద్ధమే. మా బల్ల నాలుగు–ఎనిమిది డాలర్ల లిమిట్ హోల్డెమ్. తొమ్మిది మందిలో మేమిద్దరమే ఆడవాళ్ళం.

ఆట తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మనిషికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మీద ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి తెరుస్తారు. అవి అందరివీ. ముక్కలు పంచగానే ఒకసారి, తెరిచిన ప్రతిసారీ ఒకసారి పందెం. లిమిట్ అంటే పందెం ఎంతో ముందే కట్టడి: మొదటి రెండు దశల్లో నాలుగు డాలర్లు, చివరి రెండింటిలో ఎనిమిది. పెంచినా అంతంత చొప్పునే పెంచాలి. ఇల్లూ వాకిలీ ఒక్క దెబ్బకి తోసేసే వీలు లేదు. ఎవరైనా పందెం కాశాక మీ ముందు మూడే దారులు. అంతే పెట్టి ఆటలో ఉంటే కాల్, ఇంకొంత పెంచితే రెయిజ్, ముక్కలు పారేసి తప్పుకుంటే ఫోల్డ్.

మొదటి నెలంతా నేను కాల్ చేశాను. మంచి ముక్కలొస్తే కాల్, చెత్త వచ్చినా కాల్. పెంచితే అందరూ నావైపు చూస్తారని బెరుకు. పారేస్తే పెట్టింది పోతుందని దిగులు. నాలుగు డాలర్లే కదా అనిపిస్తుంది. ఆ నాలుగే రోజు గడిచేసరికి నూరు అవుతాయి. నర్సు ఒకరోజు కారులో అంది: "నువ్వు తప్పుకోవు, గట్టిగా అడగవు. పక్కన కూచుని డబ్బు కడుతుంటావు." నాకు చివుక్కుమంది. ఎందుకంటే అప్పటికి రెండేళ్ళుగా నా బీరువాలో ఒక కాగితం ఉంది.

2016లో మా తమ్ముడు తెనాలి ఇల్లు బిల్డరుకిద్దామని హక్కు విడుదల పత్రం పంపాడు. నేను సంతకం పెట్టలేదు. పెట్టనని చెప్పనూ లేదు. "చూద్దాంలేరా" అన్నాను. సంక్రాంతికి అరిసెలు పట్టుకెళ్ళాను, వాడి పిల్లలకి బట్టలు పెట్టాను, కాగితం మాట వచ్చినప్పుడల్లా నవ్వాను. ఇదంతా కాల్ కాక ఏమిటి?

ఇక ఆ చెయ్యి. నాకు ఇస్పేటు ఆసు, కళావరు జాకీ. ముక్కలు చూసుకోగానే ఒకాయన పెంచాడు. అయిదుగురం ఎనిమిదేసి పెట్టాం, నలభై. బల్ల మీద ఆసు పడింది, తొమ్మిది, నాలుగు. ఆయన నాలుగు కాశాడు. అక్కడ నేను పెంచాల్సింది. మరో నాలుగు డాలర్లతో ఆయన దగ్గర ఏముందో కొంతైనా తెలిసేది. కాల్ చేశాను, నా వెనక ఇంకొకాయన కూడా. తర్వాతి ముక్కకి ఆయన ఎనిమిది, నేను ఎనిమిది, మూడో మనిషి తప్పుకున్నాడు. ఆఖరు ముక్కకి ఆయన మళ్ళీ ఎనిమిది తోశాడు, విసురుగా. అంత ధీమాగా ఉన్నాడంటే ఉండే ఉంటుందనుకున్నాను. ముక్కలు పారేశాను. ఆయన నవ్వుతూ తనవి తిప్పి చూపించాడు. రాజు, రాణి. ఒక జత కూడా లేదు.

ఇంటికెళ్ళి కాగితం మీద లెక్క వేశాను. బల్ల మీద డెబ్బై ఆరు డాలర్లున్నాయి, నేను కట్టాల్సింది ఎనిమిది. క్లబ్బు కోత పక్కన పెడితే, ఇలాంటివి పది చేతుల్లో తొమ్మిది ఓడి ఒక్కటి గెలిచినా నాకు నాలుగు డాలర్లు మిగులు. గెలుస్తానా అన్నది కాదు ప్రశ్న, ఎంతకి ఎంత అన్నది. క్లాసులో ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠమే ఇది. నెలంతా తప్పుకోవాల్సిన చోట్ల కడుతూ వచ్చి, కట్టితీరాల్సిన ఒక్క చోట తప్పుకున్నాను. ఎదుటివాడి ధీమా చూసి.

ఇంకో సంగతి కూడా అప్పుడే బోధపడింది. అంతకుముందు నేను పెట్టిన ఇరవై డాలర్లు ఇక నావి కావు. వాటికోసం ఏడుస్తూ ఆడకూడదు. కానీ బల్ల మీద ఉన్నాయి కాబట్టి గెలిస్తే వచ్చే దాంట్లో అవీ ఉన్నాయి. మన ఆడవాళ్ళం "ఇన్నేళ్ళు పెట్టాను" అని లెక్కేస్తాం గానీ "అక్కడ ఎంతుంది" అని చూడం.

2015 జనవరిలో అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ని దాదాపు పూర్తిగా ఛేదించామని ప్రకటించారు. సెఫియస్ అని ఆ ప్రోగ్రాం పేరు. అది నేర్చుకున్న పద్ధతి విని ఆశ్చర్యపోయాను. తనతో తానే ఆడుకుంటూ, ప్రతి నిర్ణయం దగ్గరా ఇంకోలా చేసుంటే ఎంత బాగుండేదో కూడుకుంటుంది. ఆ కూడికకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'పశ్చాత్తాపం'. మనమూ కూడుకుంటాం, కాకపోతే తర్వాతి చేతికి వాడుకోం.

నా ఆస్తి లెక్కలో ముక్కలు ఆలస్యంగా తెరుచుకున్నాయి. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచి కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానహక్కు ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకి కాదు. నా పెళ్ళి 1983లో. నాన్నగారి వంతులోంచి వచ్చే చిన్న వాటా తప్ప నాకేమీ లేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. 2015లో సుప్రీంకోర్టు, సవరణ నాటికి తండ్రి బతికుండాలంది. నాన్నగారు 1998లోనే పోయారు. 2020 ఆగస్టులో అదే కోర్టు, తండ్రి బతికి ఉండనక్కర్లేదంది. మాది తాతగారి నాటి ఇల్లు, పంపకం ఎన్నడూ జరగలేదు.

పేకాటలో ఎదుటివాడు మనతో ఒక కంచంలో తిన్నవాడు కాదు. ఆ పోలిక అక్కడే చెల్లిపోతుంది. 2021 సంక్రాంతికి అరిసెలు లేకుండా వెళ్ళాను. "నా వాటా ఎంతరా?" అనడిగాను. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్న ఉంటే ఇలా అడిగేదానివా?" అన్నాడు. ఉండగా అడగలేదన్నది నిజమే. 2022 నుంచి పార్టిషన్ దావా నడుస్తోంది. రాఖీ పోస్టులో పంపితే తిరిగొచ్చింది.

మొదటి వాయిదా అయిన రాత్రి మరదలు ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. వెనకాల టీవీ వినిపిస్తోంది.

"వదినా, మీరు మాత్రం సంతకం పెట్టకండి. మా పుట్టింట్లో నేను పెట్టేశాను."