ఇంటి మనిషా, పనిమనిషా?

ఉద్యోగాలు చేసుకునే మధ్యతరగతి దంపతులకు బిడ్డ పుట్టటంతోనే ఒక శ్రమ సమస్య కూడా పుడుతుంది. దాన్ని మనం ఇంటి సమస్య అనుకొని తలుపులు మూసుకుంటాం.

నేను వికారాబాదులో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా భార్య రోజూ రైల్లో తాండూరు వెళ్ళి ఉద్యోగం చేసి వస్తుంది. ఆమె ప్రసూతి సెలవు ముగిసేసరికి పాపను ఎవరు చూడాలన్న ప్రశ్న వచ్చింది. బంధువులు రెండు దారులు చూపారు. పల్లె నుంచి ఒక పేదింటి అమ్మాయిని తెచ్చి ఇంట్లోనే ఉంచుకొనటం ఒకటి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే ఆయాను పెట్టుకొనటం రెండవది. మొదటిదే చౌక అన్నారు. "తిండీ బట్టా పెట్టి మన పిల్లలాగే చూసుకోవచ్చు" అన్నారు.

ఈ "మన పిల్లలాగే" అన్న మాటను విప్పి చూడాలి. ఇంట్లో ఉండే మనిషికి పనివేళ అంటూ ఉండదు. అర్ధరాత్రి పాప ఏడ్చినా లేవవలసింది ఆమే. ఇంటి మనిషి గనుక జీతం అడగకూడదు. పనిమనిషి గనుక మన సరసన కూర్చుని తినకూడదు. ఐరోపాలో ఇలా ఇంట్లో ఉండి పిల్లలను చూసే యువతులను "ఓ పేర్" అంటారు. ఆ ఫ్రెంచి మాటకు సమాన హోదా అని అర్థం. 1969లో స్ట్రాస్‌బర్గులో కుదిరిన ఒప్పందం వారి పనికి రోజుకు 5 గంటల హద్దు పెట్టింది. సమానత కాగితం మీదనైనా ఉన్నదన్నమాట. మనకున్న వారసత్వం వేరు. నిజాం కాలపు తెలంగాణలో దొర కూతురితోపాటు అత్తవారింటికి ఆడబాపను పంపేవారు. ఆమె కూడా "ఇంటి మనిషే".

14 ఏళ్ళ లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనటాన్ని 2006లో నిషేధించారు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. అయితే నాలుగు గోడల మధ్యకు తనిఖీ అధికారి రాడు గదా! కాబట్టి చట్టాన్ని యజమానే తన మీద అమలు చేసుకోవాలి. మేము ఆయానే పెట్టుకున్నాం. పని గంటలు, నెల జీతం, వారానికొక సెలవు ముందే మాట్లాడుకున్నాం.

అంతటితో చిక్కు తీరలేదు. ఆమె భర్త తాండూరు నాపరాళ్ళ గనిలో కూలి. మా పాపను ఆమె ఎత్తుకుంటే, రెండేళ్ళ ఆమె కొడుకును తొమ్మిదేళ్ళ అక్క ఎత్తుకోవలసి వచ్చింది. ఆ పిల్ల బడి మానటానికి సిద్ధమయింది. అంగన్‌వాడీ పూర్వప్రాథమిక విద్య మూడేళ్ళు నిండినవారికి గదా. పిల్లవాణ్ణి కూడా మా ఇంటికే తీసుకురమ్మన్నాం. అక్క బడికి పోతున్నది.

కాని ఇది ఒక ఇంటి సర్దుబాటు మాత్రమే. 50 మంది ఉద్యోగులున్న సంస్థలో శిశుగృహం ఉండాలని 2017లో చట్టం వచ్చింది. అంతమంది లేని పాలిషింగు యూనిట్లలోని తల్లులకూ, ఇళ్ళలో పనిచేసే ఆయాలకూ అది అందదు. శిశుగృహాలను కొత్త సమాజపు మొలకలుగా 1919లోనే లెనిన్ గుర్తించాడు. పిల్లల పెంపకం సమాజం బాధ్యత కానంతవరకు, ఒక తల్లి ఉద్యోగం మరొక తల్లి బిడ్డ మీద భారమవుతూనే ఉంటుంది. మన ఉపాధ్యాయ సంఘాలు జీతాల కోర్కెల జాబితాలో పేటపేటకూ శిశుగృహం అన్న కోర్కెను కూడా చేర్చాలి. అందులో మన పిల్లల పక్కన ఆయా పిల్లలకు కూడా చోటుండాలి.