మంచము క్రింది రైలుమార్గము

పదవీవిరమణానంతరము పురాణకాలక్షేపము చేసికొనవలసిన వయస్సున ఈ బొమ్మరైలు వ్యసనమేమని ఇంటివారు ప్రశ్నించుచునే యున్నను, మా విశాఖ అపార్టుమెంటులోని చిన్న పడకగదియందు, మంచము క్రిందికి నెట్టదగిన ప్లైవుడ్ పలకపై, కొత్తవలస–కిరండూల్ మార్గమును తలపించు నొక కొండదారిని నిర్మించుకొనుచున్నాను.

ఇది ఎన్ గేజి; అసలు రైలులో 160వ వంతు, పట్టాల నడుమ 9 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సూక్ష్మమైనను 24 మీటర్ల పెట్టె ఇందు 15 సెంటీమీటర్లగును గనుక, 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్సును నడిపితినా, పది అడుగుల మా గదిగోడను చీల్చుకొని అది పొరుగువారి వంటింట ఆగవలసినదే! కావున మూడు పెట్టెలతో తృప్తిపడి, పలక వెనుకభాగమును థర్మాకోలు కొండతో కప్పి, సొరంగమున రైలు క్షణకాలము కనుమరుగగునట్లు చేసితిని. ఆ అదృశ్యతయే దూరభ్రాంతిని కల్పించును.

పట్టాలపై మకిలి పేరుకొన్నచో 12 వోల్టుల విద్యుత్తు చక్రములకందక ఇంజను మొరాయించును. స్పిరిటు గుడ్డతో తుడిచినగాని కదలదు. చత్వారపు కన్నులకు పెట్టెల కొక్కెములు తగిలించుట మాత్రము నిజముగా పరీక్షయే.

ఈ సరదా గల మిత్రులారా, గేజి నిర్ణయించుకొనుటకు ముందు గదిని కొలుచుకొనుడు. ఎన్ గేజి వంపునకైనను రెండడుగుల వెడల్పు విడువుడు.