చెవిలో కీచురాయి



నా మేనల్లుని కుమారుడు కోదాడలో తమ ఇంటి మేడమీది గదిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాడు. బతుకమ్మ పాటలు, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర పాటలు అక్కడ తయారవుతుంటాయి. గత నెల సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చినప్పుడు, "తాతా, రాత్రి పడుకుంటే చెవిలో కీచురాయి అరిచినట్లుంటుంది. ఏడాదైంది" అన్నాడు. గుబిలి లేదు, కర్ణభేరి బాగుంది. మరునాడే వెళ్లి ఆ గది చూశాను.

ఆడియో ఇంటర్ఫేస్ అనే పెట్టెకు ముందు మూడు రకాల నాబ్‌లున్నాయి. గెయిన్ నాబ్ మైకు నుండి లోపలికి వచ్చే ధ్వనికి, మానిటర్ నాబ్ స్పీకర్లకు వెళ్లే ధ్వనికి, మూడవది హెడ్‌ఫోనుకు. గాయని గొంతు సన్నగా వినిపించినప్పుడల్లా, గెయిన్ సరిచూడవలసిన చోట, ఇతడు మానిటర్ నాబ్ తిప్పుతున్నాడు. దానివల్ల రికార్డింగులో వెంట్రుకవాసి మార్పు రాదు. మారేది చెవికి తగిలే దెబ్బ మాత్రమే. పైగా స్పీకర్ల వెనుకనున్న వాల్యూమ్ పూర్తిగా పెంచి ఉంది. అందుచేత నాబ్ పావువంతు తిరిగేసరికే గది దద్దరిల్లుతోంది.

ఫోనులోని కొలత యాప్ అతని కుర్చీ దగ్గర 94 డెసిబెళ్లు చూపింది. ఫోను కొలత ఖచ్చితమైనది కాదనుకోండి. అయినా లెక్క చూడండి: 85 డెసిబెళ్లను రోజుకు 8 గంటలు భరించవచ్చునని ప్రమాణం; ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలం సగమవుతుంది. 94 వద్ద మిగిలేది ఒక్క గంట. ఇతడు ఆరు గంటలు కూర్చుంటున్నాడు. అలసిన చెవికి శబ్దం తగ్గినట్లు తోస్తుంది, చేయి మళ్లీ నాబ్ మీదికి పోతుంది. లోపలి చెవిలో ఒక్కొక్క వైపు సుమారు 15,000 కేశకణాలుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మిర్యాలగూడలో పనిచేసిన రోజుల్లో రైస్ మిల్లు కార్మికులు ఎందరో ఇదే కీచురాయి మాట చెప్పారు. బి-కాంప్లెక్స్ రాసి పంపాను. "ఆ మోతలో రోజుకు ఎంతసేపు ఉంటావు?" అని ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు.

కోదాడలో మేము చేసినది చిన్న పనే. మానిటర్ నాబ్‌ను నడిమికి తెచ్చి, కుర్చీ దగ్గర 76 డెసిబెళ్లు వచ్చేవరకు స్పీకర్ల వెనుక వాల్యూమ్ తగ్గించాము. నాబ్ పక్కన తెల్లటేపు ముక్క అంటించాము. ఇంటర్ఫేస్ ముందు, స్పీకర్లు చివర ఆన్ చేయాలి. ఆపేటప్పుడు స్పీకర్లే ముందు. లేకుంటే ఠప్పుమనే మోత వస్తుంది. హెడ్‌ఫోన్ నాబ్ వేరు గనుక దానినీ విడిగా తగ్గించాలి. ఇది చాలామంది మరచిపోతారు.

"ఇప్పుడు పాట సప్పగా ఉంది తాతా, డప్పు దెబ్బ తెలుస్తలేదు" అన్నాడు. నిజమే. ధ్వని తగ్గినప్పుడు మంద్రస్వరాలు చెవికి మరింత తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపారు. డప్పు సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు పెంచుకొని, మళ్లీ టేపు గుర్తుకు రమ్మన్నాను.

ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ వద్ద ఎడమచెవి గీత కిందికి దిగి ఉంది. ఆరు నెలలకు మళ్లీ పరీక్ష. నిన్న ఫోను చేశాడు. కీచురాయి అరుస్తూనే ఉందట, టేపు మాత్రం ఊడలేదట.