నల్లమల నడకదారిలో అభయధర్మం

భగవద్గీత పదహారవ అధ్యాయంలో దైవీసంపదను వివరిస్తూ భగవానుడు మొట్టమొదట పేర్కొన్న గుణం అభయం. మనలో చాలామంది ఈ పదాన్ని భయం లేకపోవడం అన్న ఒక్క అర్థంలోనే గ్రహిస్తాం. కాని మన సంప్రదాయంలో దానికి రెండవ ముఖం ఉన్నది. సన్న్యాసం స్వీకరించే సాధకుడు సమస్త భూతాలకూ తన వలన భయం కలుగకుండుగాక అని సంకల్పిస్తాడు. అంటే అభయం పొందవలసినది మాత్రమే కాదు, ముందుగా ఇవ్వవలసినది కూడా. ఈ రెండు ముఖాలకు గల సంబంధం నాకు గ్రంథపఠనం వలన కంటె శ్రీశైల పాదయాత్ర వలన, అందునా ఎలుగుబంటి వలన, స్పష్టంగా బోధపడింది.

మహాశివరాత్రికి ముందు వేలాది భక్తులు వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి నడచి వెళ్తారు. త్రోవ యావత్తూ నల్లమల అరణ్యమే. పెచ్చెరువు వద్ద రాత్రి విశ్రమించడం పరిపాటి. ఒకసారి అక్కడ చేతికర్రలను ఒకచోట చేర్చి పెడుతుండగా మా బృందంలోని ఒక యువకుడు, "స్వామీ, మల్లన్న తోడున్నాడని కదా నడుస్తున్నాం! మరి ఈ కర్రలెందుకు? ఇది విశ్వాసలోపం కాదా?" అని అడిగాడు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడికి ఒక బాలిక బలి అయిన పిమ్మట దేవస్థానం వారు భక్తులకు చేతికర్రలు ఇచ్చినప్పుడు కూడా ఈ ప్రశ్నే అనేకుల నోట వినిపించింది. దీనిని నవ్వి త్రోసిపుచ్చరాదు. దీనికి తప్పు సమాధానం చెప్పుకొన్నవాడు కన్నో, ముఖమో, ప్రాణమో కోల్పోవచ్చు.

శ్రీరామకృష్ణ పరమహంస చెప్పిన దృష్టాంతం ఇక్కడ స్మరణీయం. సర్వమూ నారాయణుడే అని గురువు వద్ద విన్న శిష్యుడు మదపుటేనుగు ఎదురువస్తుంటే తొలగక నిలిచాడు. తప్పుకోమని మావటి ఎంత అరచినా వినలేదు. ఏనుగు విసరికొట్టింది. అప్పుడు గురువు, ఏనుగు నారాయణుడే, నిజమే. మరి తప్పుకోమన్న మావటి నారాయణుని మాట ఎందుకు వినలేదు అని అడిగాడు. నల్లమలలో ఆ మావటి నారాయణుడు అటవీశాఖ వారి హెచ్చరిక ఫలకంగా కనిపిస్తాడు, చెంచు పెద్ద నోటిమాటగా వినిపిస్తాడు.

ఆ మాట వినాలంటే ముందుగా ఈ ప్రాణి స్వభావం తెలియాలి. మన అడవులలోని ఎలుగుబంటికి ప్రధానాహారం చెదలు, చీమలు, తేనె, పండ్లు, ఇప్పపూలు. చెదలను పీల్చుకొనడానికి అనువుగా దాని పైదవడలో ముందరి రెండు పళ్లు ఉండవు. పుట్టలను త్రవ్వే గోళ్లు మాత్రం దాదాపు 3 అంగుళాల పొడవు. ఘ్రాణశక్తి అమోఘం, చూపు మందం. పుట్టలో ముఖం పెట్టి పెద్ద చప్పుడుతో పీల్చే వేళ దానికి మన అడుగుల సవ్వడి వినిపించకపోవచ్చు. కావున అది మనిషిని గుర్తించేసరికి మనిషి అతిసమీపంలో ఉంటాడు. పులితో కలసి జీవించిన జాతి గనుక, పారిపోవడం కంటె మీదికి దూకడమే దాని ఆత్మరక్షణ. దాడులలో అధికభాగం ఇటువంటి ఆకస్మిక సమాగమాల వలననే సంభవిస్తాయి. శీతకాలంలో ఈనిన తల్లి, పిల్లలను వీపుపై మోస్తూ తిరిగే కాలమూ, ఇప్పపూలు రాలే కాలమూ, శివరాత్రి నుండి ఉగాది వరకు మన యాత్రలు సాగే కాలమూ ఇంచుమించు ఒకటే.

మరునాటి ఉదయం భీమునికొలను వైపు నడుస్తున్నాం. ముందు నడుస్తున్న చెంచు పెద్దాయన ఒక మలుపు వద్ద చేయి అడ్డంగా చాచాడు. పొద వెనుక నుండి కొలిమితిత్తి ఊదినట్లు చప్పుడు. "ఎలుగు, సామీ. పుట్ట పీలుస్తా ఉంది. ఎవరూ ఉరకొద్దు. మాట్లాడతా మెల్లగా ఎనక్కి రండి" అన్నాడు. కర్ర ఎత్తలేదు, రాయి తీయలేదు. మామూలు గొంతుతో, "మేం పోతాన్నాం తల్లీ, నీ దోవ నీది" అంటూ వెనుకకు అడుగులు వేశాడు. మేమందరం అలాగే చేశాం. చప్పుడు ఆగింది. నల్లని వీపు ఒకటి పైకి లేచి, మా వైపు ముక్కు త్రిప్పి వాసన చూసి, పొదలలో కలసిపోయింది. అప్పుడు నా గుండె వేగంగా కొట్టుకోలేదని చెప్పను. కాని ఆ వృద్ధుని మాటలలో యుద్ధం లేదు, ప్రార్థన కూడా లేదు, ఉన్నది ఎఱుకపరచడం.

పిమ్మట నాకు శ్యమంతకోపాఖ్యానం క్రొత్తగా తోచింది. మణిని వెదుకుతూ శ్రీకృష్ణుడు గుహలో ప్రవేశించాడు. లోపల జాంబవంతుని బిడ్డ ఆ మణితో ఆడుకుంటున్నది. అపరిచితుని చూచి దాది భయంతో కేక వేసింది. ఆ కేక విని జాంబవంతుడు ఆగ్రహంతో పరుగున వచ్చి, తన స్వామితోనే ఇరువది ఎనిమిది దినాలు ముష్టియుద్ధం చేశాడని భాగవతం. రామకార్యంలో హనుమంతునికి అతని బలాన్ని జ్ఞప్తికి తెచ్చిన పరమభక్తుడు అతడు. అతనిలో ద్వేషం లేదు. గుహ, బిడ్డ, హఠాత్తుగా ఎదుట నిలిచిన అపరిచితుడు — ఈ మూడే ఉన్నాయి. గుర్తించిన క్షణంలో పిడికిలి అంజలిగా మారింది. అడవిలోని భల్లూకం మనపై పడినప్పుడూ జరిగేది ఇదే: వైరం కాదు, అజ్ఞానజన్యమైన భయం. త్రాడును పామనుకొన్నవాని వణుకు వంటిదే అది.

కావున యాత్రికుని మొదటి రక్షణ తన ఉనికిని సకాలంలో తెలియజేయడం. తెలుగులో ఎలుగు అంటే కంఠస్వరం కూడా. ఎలుగెత్తి పిలవడం అంటాం. "చేదుకో మల్లన్నా" అని మన పెద్దలు త్రోవ పొడవునా పలుకుతూ నడచినది స్వామి చెవికి చేరడానికే. అది పొదలోని తల్లి ఎలుగు చెవికీ చేరేది! మలుపుల వద్ద, నీటిగుంటల వద్ద, దట్టమైన పొదల వద్ద పలుకు ఆగకూడదు. మైకులు, బాణసంచా అక్కరలేదు, అవి అడవికి హింస. గుంపుగా నడవాలి. తెల్లవారకముందు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట త్రోవలో ఉండరాదు. బస చేసిన చోట కొబ్బరిచిప్పలు, బెల్లం, పండ్ల తొక్కలు పారవేయరాదు. రాత్రి లేవవలసివస్తే టార్చి వేసుకొని, తోడుతో వెళ్లాలి.

ఎదురుపడితే పరుగు పనికిరాదు, అది మనకంటె వేగం కలది. చెట్టెక్కడమూ పనికిరాదు, తేనె కోసం అది చెట్లెక్కుతుంది. తల్లికీ పిల్లలకూ నడుమ నిలువరాదు. దాని త్రోవ మూసివేయక, మెల్లగా మాట్లాడుతూ వెనుకకు తగ్గాలి. మీదికి వచ్చి తాకడం అనివార్యమైతే నేలపై బోర్లా పడుకొని, ముఖం నేలకు ఆనించి, చేతివ్రేళ్లను మెడ వెనుక పెనవేసి కదలక ఉండాలి. వీపున సంచి ఉంటే ఉండనీయాలి. అది ముఖాన్నీ తలనూ గాయపరుస్తుంది గనుక కాపాడుకోవలసినవి అవే. అది దూరంగా వెళ్లినదని నిశ్చయమయ్యేవరకు లేవరాదు.

మరి కర్ర సంగతి? అహింసలో ప్రతిష్ఠితుడైనవాని సన్నిధిలో ప్రాణులు వైరం విడుస్తాయని పతంజలి మహర్షి యోగసూత్రాలలో చెప్పాడు. అది సిద్ధుని స్థితి, యాత్రికుని కవచం కాదు. ఇంటిలో దోమను కొట్టేవాడు అడవిలో ఆ సూత్రాన్ని తనకు అన్వయించుకొనడం సాహసం. సాహసం శ్రద్ధ కాదు. దేహం ధర్మసాధనం, దానిని రక్షించుకొనడం గృహస్థునికి దోషం కాదు. నేలపై తట్టి సవ్వడి చేయడానికి, పొదను ముందుగా కదిలించడానికి, విధిలేనప్పుడు అడ్డుపెట్టడానికి కర్ర ఉండవలసిందే. తొలగిపోతున్న జంతువును తరిమి కొట్టడానికి, రాళ్లు రువ్వడానికి మాత్రం కాదు. చేతిలో వస్తువు ఒకటే, దాని వెనుకనున్న సంకల్పమే దానిని రక్షణగానో హింసగానో చేస్తుంది.

ఆ యువకునికి పెచ్చెరువు వద్ద చెప్పిన సమాధానమూ ఇదే: నాయనా, కర్ర పట్టడం విశ్వాసలోపం కాదు, అడవి నీది కాదని మరవడమే లోపం. స్వామి కొండకు మనం అతిథులం, ఆ ప్రాణులు గృహస్థులు. తలుపు తట్టకుండా లోపలికి చొరబడిన అతిథికి అభయం ఎవరిస్తారు?

శ్రీ భ్రమరాంబా మల్లికార్జునార్పణమస్తు.